పున్నమ్మగారి మండెగ

తెనాలి గంగానమ్మపేటలో చలపతిరావుగారి ఇంట్లో ఎవరూ అబద్ధమాడరు. మండెగ వేస్తారు. పాలవాడు చెంబు మీద ఒట్టేసి చుక్క నీళ్ళు కలపలేదన్నాడంటే అది మండెగ. చలపతిరావుగారు ఇప్పుడే వస్తానని చెప్పి కిళ్ళీకొట్టు బల్ల మీద పూటంతా కూర్చుండిపోతే అదీ మండెగే. ఈ మాట గోడ దూకి పక్కింటి సుందరమ్మగారింట్లో పడింది, అక్కణ్ణించి వీధంతా పాకింది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఇదేదో తెనాలి మాట కాబోలనుకుని వాళ్ళూ వాడేసేవాళ్ళు.

ఆ మాట పుట్టింది మాత్రం ఆ ఇంటి పెద్దావిడ, చలపతిరావుగారి తల్లి పున్నమ్మగారి నోట్లో. ఆవిడ పుట్టిల్లు రేపల్లె. లంగా కట్టుకు తిరిగే రోజుల్లో మేనత్త కూతురి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి ఎక్కడో పైదేశం నుంచి వంటాయన్ని పిలిపించారు. ఆయన ఇంత పిండిముద్ద తీసుకుని రెండు మోచేతుల మీదా వేసుకుంటే, అది జరీపంచెలాగా జారిందట. పొయ్యి మీద కుండ బోర్లించి, దాని వీపు మీద ఆ పిండిని పరిస్తే కాగితంలాగా కాలిందట. పంచదార, నెయ్యి, పచ్చకర్పూరం చల్లి, ఉత్తరీయం మడతపెట్టినట్టు మడతపెట్టి వడ్డిస్తే, కింద విస్తరాకు ఈనెలు కూడా పైకి కనపడ్డాయట. పేరు మండెగట.

కాపరానికొచ్చిన కొత్తలో ఈ సంగతి మొగుడికి చెప్పింది. ఆయన పొలమారేదాకా నవ్వాడు. ఆయన పోయాక కొడుకు అందుకున్నాడు, తరవాత మనవలు. పిండి పంచెలాగా జారటమేంటి, కుండ వీపు మీద వండటమేంటి అని ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకునేవాళ్ళు. అట్లా పున్నమ్మగారు తిన్న పిండివంట ఆ ఇంట్లో అబద్ధానికి పేరై కూర్చుంది.

అందరికన్నా గట్టిగా కాదన్నది ఆవిడ సొంత తమ్ముడు రాఘవయ్య. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళలో అక్క కాకుండా ఇంకా బతికున్నది ఆయనొక్కడే. రేపల్లె నుంచి వచ్చినప్పుడల్లా చలపతిరావు కావాలని ఆ ఊసు ఎత్తేవాడు. ఆ పెళ్ళిలో గుర్రం గుర్తుంది, బాణసంచా గుర్తుంది, పెళ్ళికొడుకు చెప్పులు పోయినట్టు కూడా గుర్తుంది, మండెగ మాత్రం లేదురా, మా అక్క కలగని ఉంటుంది అనేవాడాయన. పున్నమ్మగారు తమ్ముడి ఆకులో పెరుగు వెయ్యకుండా లేచిపోయేది.

ఇక కోడలు కుసుమకుమారి. ఈ కథంతా ఆవిడదే.

ఆవిడ పుట్టింది రేపల్లె పక్కనున్న నగరం అనే ఊరి దగ్గర పల్లెటూళ్ళో. చదివింది అయిదో తరగతి. ఈ పిల్ల అడిగే ప్రశ్నలకి నేను మళ్ళీ ట్రైనింగుకెళ్ళాలి అని పంతులుగారు వాళ్ళ నాన్నతో మొరపెట్టుకున్నాడు. పెళ్ళయి పిల్లలు పుట్టి వాళ్ళు కాలేజీలకొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఇంటికి పకోడీల పొట్లం వస్తే పకోడీలు చల్లారాల్సిందే, ముందు కాగితం చదవాలి. పెళ్ళికెళితే పెళ్ళికూతుర్ని ఆఖర్న చూస్తుంది, ముందు వంటవాళ్ళ గాడిపొయ్యి దగ్గరికి పోతుంది. పులిహోరలో ఇంగువ ఎప్పుడేశారు, బూరెల పప్పు ఎందుకు జారింది, అన్నీ తేలాలి. మండెగ విషయంలో మాత్రం ఆవిడ అత్తగారిని చూసి నవ్వలేదు. అట్లాగని నమ్మనూలేదు. పిండి ఏం పిండండీ, కుండ ఎంతదండీ, నెయ్యి ముందా పంచదార ముందా అండీ అని అడిగేది. పున్నమ్మగారికి అది ప్లీడరు అడిగినట్టుండి ఇంకా మండేది.

డెబ్బై రెండులో కుసుమకుమారి బాపట్లలో చెల్లెలింటికి వెళ్ళింది. భావనారాయణస్వామి గుడి దగ్గర పందిట్లో హరికథ. సీతమ్మవారి పెళ్ళి. దాసుగారు చిడతలేసుకుంటూ జనకమహారాజు పెట్టిన విందు మొత్తం ఒకే గుక్కలో వడ్డించేశాడు. బూరెలు, గారెలు, అరిసెలు, చక్కిలాలు, మండెగలు, మనోహరాలు. కుసుమకుమారి ఒలుస్తున్న వేరుశనక్కాయ చేతిలో అట్లాగే ఉండిపోయింది.

మంగళహారతి అయిందో లేదో జనాన్ని తోసుకుంటూ దాసుగారి దగ్గరికి పోయింది. మండెగంటే ఏంటండీ, దేంతో చేస్తారండీ అని అడిగింది. ఆయన మెళ్ళో దండ తీస్తూ, అది మా గురువుగారు చెప్పిన వరస తల్లీ, ఆయనా తినలేదు, నేనూ తినలేదు, చక్కిలాల తరవాత ఊపిరి నిలబడటానికి అక్కడ మండెగ బాగుంటుంది అన్నాడు. కాస్త ఆగి, మీరెప్పుడైనా చేస్తే నాకు కబురెట్టండి అన్నాడు ఆశగా.

తిరుగు రైల్లో కుసుమకుమారికి కాలు నిలవలేదు. పెట్టెలో ఎదురుగా సూర్యలంక నుంచి చేపలబుట్టతో వచ్చిన రత్తాలు తప్ప ఎవరూ లేరు. తెనాలి వచ్చేలోపల రత్తాలుకి మొత్తం చెప్పేసింది. రత్తాలు అంతా విని, అంత పల్చనైతే కడుపెట్టా నిండుద్దమ్మా అని ఒక్కటే అడిగింది.

ఇంటికొచ్చి సంచీ కింద పెట్టకుండానే, కందిపప్పులో రాళ్ళేరుతున్న అత్తగారి ముందు కూలబడింది.

"అత్తయ్యా, మీ మండెగ సీతమ్మవారి పెళ్ళిలో వడ్డించారండి."

పున్నమ్మగారు చేట పక్కన పెట్టింది. చెంగుతో ఒక కన్ను తుడుచుకుంది, తరవాత రెండోది. "నేను తిన్నదానికి సాక్ష్యం చెప్పడానికి సీతమ్మవారు రావాల్సొచ్చిందన్నమాట" అంది.

చలపతిరావు మాత్రం ఒప్పుకోలేదు. ఆ కథలోనే పది తలలవాడు కూడా ఉన్నాడు, వాడు కూడా రేపల్లె పెళ్ళికొచ్చాడేమో కనుక్కోండి అన్నాడు. చివరికి, రాఘవయ్య మామయ్య తన నోటితో తిన్నానంటే నేనూ నమ్ముతాను, ఆ రోజు నించి ఈ ఇంట్లో ఆ మాటే వాడను అని తేల్చేశాడు.

ఆ మధ్యాహ్నం పున్నమ్మగారు కోడల్ని దొడ్లోకి పిలిచింది. ఎనభై ఏళ్ళ మనిషి, నడుం వంగినా గొంతు వంగలేదు. ఆ పూట మాత్రం గొంతు కూడా తగ్గించింది.

"నేను పోతే నాలుగు రోజులు ఏడుస్తారు, మంచిదే. కానీ ఈ మాట పోదే కుసుమా. నా మనవల మనవలు అబద్ధమాడినప్పుడల్లా మండెగ అంటారు. నన్నెరగనివాళ్ళు కూడా నన్ను అబద్ధాలకోరుని చేస్తారు. పోయేలోపల రాఘవుడి నోట ఒప్పించాలి."

తరవాత ఇంకో ముక్క చెప్పింది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదట, చెబితే ఇంకా నవ్వుతారని. ఆ పెళ్ళిలో మడతపెట్టకముందే ఒక మండెగని రాఘవుడు ఎత్తుకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అందులోంచి అక్కని చూసి కనపడ్డావు, కనపడ్డావు అన్నాడు. ఊరుకోకుండా వెనకనించి నాకి, మధ్యలో కన్నం చేసి, అందులోంచి నాలుక బయటపెట్టి అక్కని వెక్కిరించాడు. వంటాయన వెనకనించి వచ్చి అట్లకాడతో వీపు మీద ఒక్కటిచ్చాడు. "అట్లా తిన్నవాడు ఇవాళ లేదంటాడు చూడు" అంది పున్నమ్మగారు.

కుసుమకుమారి కొంగు బిగించింది. చేద్దామండీ అత్తయ్యా అంది. తమ్ముడికి మాత్రం ముందుగా తెలియనివ్వద్దని పున్నమ్మగారి షరతు. తెలిస్తే ఒప్పుకోకూడదని మనసు కట్టుకుని మరీ వస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు అంది.

ఆ ఏడే వాళ్ళింట్లోకి గ్యాసు పొయ్యి వచ్చింది. చలపతిరావు వంటింట్లో కట్టెల పొయ్యి తవ్వించేసి, సిమెంటు గట్టు కట్టించి, గోడకి తెల్ల పలకలు వేయించాడు. వచ్చినవాళ్ళందరికీ ముందు వంటిల్లు చూపించి తరవాత కూర్చోమనేవాడు. పున్నమ్మగారు ఆ పొయ్యికి పసుపూ కుంకం పెట్టింది గానీ, గొట్టంలోంచి వచ్చే మంటని నమ్మలేదు. ఇప్పుడు జనకమహారాజుగారి వంట ఆ గొట్టం మంట మీదే చెయ్యాలి.

మొదటి చిక్కు పిండి. వంటాయన వాడింది గోధుమపిండని మాత్రం పున్నమ్మగారికి గుర్తుంది. కృష్ణ కాలవ నీళ్ళు తాగినవాళ్ళకి పిండంటే బియ్యప్పిండి. గోధుమలంటే కరువు రోజుల్లో రేషన్ షాపులో బలవంతాన పోసినవి, లేకపోతే షుగరు జబ్బువాళ్ళు మొహం మాడ్చుకుని తినేవి. అందుకని అత్తాకోడళ్ళు గోధుమల్ని కూడా అరిసెల బియ్యంలాగానే చూశారు. నానబెట్టారు, వడేశారు, తడి మీదే దంచారు, జల్లించారు. అరిసెల పిండి ఆరిందంటే పనికిరాదు కదా, అందుకని ఆరకముందే కంగారు కంగారుగా కలిపి, కలిపీ కలపకముందే కుసుమకుమారి మోచేతుల మీద వేశారు. అది పంచెలాగా జారలేదు. గాజుల్లో దూరి, చేతులకి పట్టుకుని, చిరిగి చిరిగి గట్టు మీద పడింది.

మళ్ళీ చేశారు. ఈసారి మరిగే నీళ్ళు పోసి ఉక్కిరించారు, బియ్యప్పిండైతే దానికి లొంగుతుంది. ఇది జిగురైంది. చలపతిరావు తొంగి చూసి, ఎన్నికలొస్తున్నాయిగా, పోస్టర్లు అంటించేవాళ్ళకి ఇవ్వండి, పుణ్యముంటుంది అని పోయాడు.

తప్పు పిండిది కాదు, చేతులది అనుకుంది పున్నమ్మగారు. కోడలి చేత తడి తువ్వాలుతో సాధన మొదలుపెట్టించింది. మధ్యాహ్నం పూట దొడ్లో కుసుమకుమారి రెండు చేతులూ చాచి, తువ్వాలుని ఒక మోచేతి మీంచి ఇంకో మోచేతి మీదకి విసురుతుంది. అత్తగారు ఎదురుగా పీట మీద కూర్చుని, మణికట్టు తిప్పు, నడుం ఊపకు, అదేం వంట, అది భోగంమేళం అంటుంది. కుసుమకుమారికి నవ్వాగక తువ్వాలు నెత్తిన పడుతుంది. అత్తగారు లేచి నేను చూపిస్తానుండమని విసిరితే అది పోయి గోడ మీద పడింది. అవతలి పక్క నించి గోడ మీదకి లేస్తున్న సుందరమ్మగారి తల మీద ఇంకా బాగా పడింది.

సాయంత్రానికల్లా ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు మిట్టమధ్యాన్నం పూనకం ఊగుతున్నారని వీధంతా తెలిసిపోయింది. ఇద్దరు ముగ్గురు వేపమండలు పట్టుకుని మరీ చూడ్డానికొచ్చారు. కుసుమకుమారి వాళ్ళని కూర్చోబెట్టి, మీ వైపు చపాతీపిండి ఎట్లా కలుపుతారండీ అని ఎదురు ప్రశ్నలేసింది. వచ్చినవాళ్ళు అమ్మవారు ఇట్లా అడగదులే అని తేల్చుకుని వెళ్ళిపోయారు.

రెండో చిక్కు కుండ. కుమ్మరి దగ్గర కొత్త కుండ తెచ్చి గ్యాసు పొయ్యి మీద బోర్లించారు. మంట బుస్సుమని ఆరిపోయింది. గాలి ఆడకపోతే మనిషే ఉండడు, మంటెంత అంది పున్నమ్మగారు. పొయ్యి చుట్టూ ఇటుకముక్కలు పేర్చి, సందులుంచి, దాని మీద బోర్లించారు. మంట నిలబడింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మురిసిపోయారు. అంతలో కుండ దీపావళి ఔటులాగా ఢామ్మని పేలింది. ఒంటి నిండా సబ్బుతో స్నానాలగదిలోంచి వచ్చిన చలపతిరావు ముందు తెల్ల పలకల్ని తడిమి చూసుకున్నాడు. తరవాత తల్లిని చూశాడు, ఆఖర్న పెళ్ళాన్ని.

ఆయన వెళ్ళాక పెంకులేరుతూ పున్నమ్మగారంది. "కొత్త కుండ కొత్త కోడల్లాంటిదే. వచ్చిన రోజే మంట మీద పెడితే పగులుద్ది."

"నన్ను పెట్టలేదాండీ మీరు?"

"నువ్వు పగల్లేదుగా."

ఇద్దరూ పెంకులొదిలేసి నవ్వుకున్నారు.

కావల్సింది మంటలో పండిపోయిన కుండ. ఎడ్లకి ఉలవలు ఉడకేసే కుండైతే ఏళ్ళ తరబడి పొయ్యి మీదే ఉంటుంది, దాన్ని ఇంకే మంటా ఏం చెయ్యలేదు. తెనాలిలో ఎడ్లున్న ఇల్లు వాళ్ళకి తెలిసి లేదు. అట్లాంటి కుండ ఉన్న ఇల్లు ఒక్కటే గుర్తొచ్చింది. రేపల్లెలో రాఘవయ్యగారిల్లు. ఆయన ట్రాక్టరు దున్నకంలోకి దిగి ఎడ్లనమ్మేశాడు గానీ కుండ ఇంకా పశువుల పాకలోనే ఉంది.

కుసుమకుమారి రేపల్లె రైలెక్కింది. రాఘవయ్యగారికి ఆ ఏడే కట్టుడుపళ్ళు పెట్టారు. మాట్లాడినప్పుడు అవి ఒక అడుగు ముందు నడిచేవి. ఏంటమ్మాయ్ ఇంత దూరం వచ్చావన్నాడు. ఉలవకుండ కోసం బాబాయిగారూ అందావిడ. ఎందుకన్నాడు. తయారుగా పెట్టుకున్న మాట ఏదీ లేదు. ఉలవకుండతో మనిషి చెయ్యగలిగే పని ఒక్కటే తట్టింది. ఉలవచారు కాద్దామనండీ అనేసింది.

రాఘవయ్యగారి మొహం వెలిగిపోయింది. కట్టెల మీద కాగిన ఉలవచారు నోట్లో పడి ఎన్నాళ్ళయిందో చెప్పుకుపోయాడు, మీగడ కలిపితే ఎట్లా ఉంటుందో కూడా చెప్పాడు. కుండ తనే కడిగించి తెచ్చి చేతికిచ్చి, "అయితే ఆదివారం పొద్దున బండికి వస్తున్నా. మా అక్కకి చెప్పు" అన్నాడు.

కుసుమకుమారి సరేనని తలూపింది. వచ్చే బండి ఆపలేం, వచ్చే మనిషినీ ఆపలేం.

పాత చీర చుట్టి కుండని ఒళ్ళో పెట్టుకుని రైలెక్కింది. ఎంత కడిగినా ఆ మసి ఏళ్ళనాటిది, చీర దాటి వచ్చి ఆవిడ బుగ్గకీ ముక్కుకీ అంటుకుంది. టిక్కెట్టు కలెక్టరు ఒళ్ళో పడుకున్నది చంటిపిల్ల కాబోలనుకుని గొంతు తగ్గించి టిక్కెట్టడిగాడు. ఆవిడ కూడా గొంతు తగ్గించే, ఇదిగో బాబూ అని చూపించింది. ఆయన మునివేళ్ళ మీద నడుచుకుంటూ అవతలికి పోయాడు.

కుండ కుదిరింది. ఇటుకముక్కల మీద బోర్లించి మంట పెడితే ఉలిక్కిపడలేదు. పిండి మాత్రం కుదరలేదు. శనివారం పొద్దున మళ్ళీ కలిపారు, మళ్ళీ చిరిగింది. ఇంకోసారి కలిపారు, ఇంకా అధ్వాన్నంగా చిరిగింది. పున్నమ్మగారు గట్టుకి జారగిలబడి కూర్చుండిపోయింది. రేపు రాఘవుడొచ్చి ఈ పీలికలు చూస్తే ఇంకేముంది, మండెగకి కొత్త కథ పుడుతుంది, మా అక్క చెయ్యబోయింది కూడా అని ఊరంతా చెబుతాడు అంది. వాడి కుండ వాడికిచ్చేసి ఉలవచారే కాచి పెట్టవే తల్లీ అంది.

కుసుమకుమారి వేళ్ళకంటిన పిండి ఊడదీసుకుంటూ, ఊరికే ఉండలేక ఇంకో ప్రశ్నేసింది. ఆ వంటాయన పిండి కలుపుతుంటే మీరు చూశారా అండీ అని. కలుపుతుంటే చూళ్ళేదు, మేం వెళ్ళేసరికి కలిపేసి మూల పెట్టాడు, తడిగుడ్డ కప్పి ఉంది అంది పున్నమ్మగారు. రాఘవుడు వేలు పెట్టి పొడవబోతే కసిరాడు కూడా. పిండి పడుకుంది, లేపారంటే మండెగ ఏడుస్తుంది అన్నాడు. పిల్లల్ని అదిలించడానికి అన్నాడు పాపం అంది.

కుసుమకుమారి చెయ్యి ఆగిపోయింది.

"ఎంతసేపు పడుకుందండీ?"

"ఏమో మరి. మేం అష్టాచెమ్మా మొదలుపెట్టి, మధ్యలో కొట్టుకుని, పలక్కుండా కూర్చుని, మళ్ళీ కలిసి ఆడిందాకా."

కోడలు చప్పున లేచి నిలబడింది. అత్తయ్యా, బొబ్బట్ల తోపు అంది.

పండగపండక్కీ వాళ్ళ చేతులతో చేసేదే అది. బొబ్బట్టు మీద పల్చగా సాగటానికి కలిపే పైపిండినే తోపు అంటారు. దాన్ని లూజుగా కలిపి, నూనెలో ముంచి, మూతేసి వదిలేస్తారు. తీసేసరికి రబ్బరులాగా సాగుతుంది. అన్నేళ్ళు బొబ్బట్లు చేసిన అత్తాకోడళ్ళు, మండెగ అనేసరికి గొప్ప వంట అనుకుని, గొప్ప వంటంటే అరిసే అనుకుని, గోధుమపిండిని బియ్యప్పిండిలాగా తరుముకొచ్చారు. బియ్యప్పిండికి తొందర. గోధుమపిండికి నిద్ర. ఈ ముక్క చేతికి తెలుసు, బుర్రకి తట్టలేదు.

పున్నమ్మగారు నుదురు కొట్టుకుంది. ఆ వంటాయన నిజమే చెప్పాడే, నేనే డెబ్బై ఏళ్ళనించి పరాచికం అనుకుంటున్నా అంది.

ఆదివారం పెందరాళే గోధుమపిండిని పల్చటి గుడ్డలో జల్లించి, కలిపి, నూనె పోసి, తడిగుడ్డ కప్పి మూల పెట్టారు. ఇద్దరూ దాని పక్కన మెల్లగా మాట్లాడుకున్నారు. చలపతిరావు మంచినీళ్ళకోసం వస్తే తల్లి నోటి మీద వేలేసుకుని, పడుకుంది అంది. ఆయన ఎవరు అని అడగబోయి, ఎందుకొచ్చిందని గ్లాసు తీసుకుని పోయాడు.

పొద్దున బండికి రాఘవయ్యగారు దిగారు. తెల్ల పంచె, కొత్త పళ్ళు, ఉలవచారు మీద గంపెడాశ. చలపతిరావు ఆయన్ని ముందుగదిలో కూర్చోబెట్టి ఎన్నికల సంగతులెత్తాడు. వంటింట్లో గ్యాసు వెలిగింది. నల్లకుండ వేడెక్కింది. కుసుమకుమారి గాజులు తీసి పోపులడబ్బాలో వేసి, మోచేతుల దాకా నెయ్యి రాసుకుంది. పిండిముద్ద తీసి మోచేతుల మీద వేసుకుంది.

మొదటిది సాగింది గానీ కొసన చిరిగింది. రెండోది బాగానే సాగింది, కుండ మీద వేసేటప్పుడు మడతపడింది. నడుం ఊపకే అని గుసగుసగా అరిచింది అత్తగారు. మూడోసారి కుసుమకుమారి మణికట్లు తిప్పింది. పిండి కదిలింది. ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదకి వెళుతూ, వెళ్ళినప్పుడల్లా వెడల్పవుతూ, పల్చనవుతూ, చివరికి రెండు మోచేతుల మధ్యా జరీపంచెలాగా జారి నిలబడింది. దానిలోంచి ఆవిడ జాకెట్టు పువ్వులు కూడా కనపడుతున్నాయి. పున్నమ్మగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎనభై ఏళ్ళావిడ చిన్నపిల్లలాగా ఉన్నచోటే రెండు గెంతులు గెంతింది.

కుండ వీపు మీద అది చుయ్యిమంది. అంచులు లేచాయి, బుడగలొచ్చాయి, అక్కడక్కడ ఎర్రబడింది. పంచదార, నెయ్యి, పచ్చకర్పూరం పక్కన సిద్ధంగా ఉన్నాయి. పచ్చకర్పూరం వేళ్ళతో నలిపేసరికి ఆ వాసన వంటిల్లు దాటి ముందుగదిలోకి పోయింది.

ముందుగదిలో రాఘవయ్యగారు మాట మధ్యలో ఆగిపోయారు. చలపతిరావు ఏదో అడుగుతున్నా పలక్కుండా లేచి, వాసన పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చలపతిరావు వెనకే వచ్చాడు.

కుసుమకుమారి మండెగని ఒడుపుగా పైకి తీసింది. మడతపెట్టబోతుంటే అత్తగారు కళ్ళతోనే వద్దంది. అప్పుడు కుసుమకుమారి దాన్ని అట్లాగే, విప్పిన రుమాలులాగా రాఘవయ్యగారి ముందు చాచింది. పట్టుకోండి బాబాయిగారూ, కాలుతుంది జాగ్రత్త అని మాత్రం అంది.

ఆయన రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకున్నారు. కిటికీలోంచి ఎండ వస్తోంది. ఆయన దాన్ని పైకెత్తి వెలుగులో చూశారు. చూస్తూ చూస్తూ, తనకే తెలియకుండా, మెల్లగా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అవతలనించి ముసలి ముఖం, మీసం మసగ్గా కనపడుతున్నాయి. గ్యాసు పొయ్యి ఒక్కటే గుర్రుమంటోంది.

మండెగ వెనకనించి మాట వచ్చింది. "కనపడ్డావు."

తరవాత మధ్యలో తడి మచ్చ ఒకటి లేచింది. అది పెద్దదైంది. చూస్తుండగానే కన్నమైంది. ఆ కన్నంలోంచి డెబ్బై అయిదేళ్ళ రాఘవయ్యగారి నాలుక బయటికొచ్చి అక్కని వెక్కిరించింది.

పున్నమ్మగారి చేతిలో ఇత్తడి అట్లకాడ ఉంది. ఆవిడ తమ్ముడి వెనక్కి పోయి వీపు మీద ఒక్కటి తగిలించింది, మెల్లగానే.

ఆయన మండెగ దించారు. మూతి నిండా ముక్కలు, పళ్ళు ఒక పక్కకి ఒరిగాయి.

"ఆయనది చెక్క అట్లకాడక్కా" అన్నారు. అన్నాక, ఏమన్నారో ఆయనకే వినపడి, అక్కని చూశారు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, దాంతోపాటే నవ్వొచ్చింది. పున్నమ్మగారు గట్టు పట్టుకుని నవ్వుతోంది. కుసుమకుమారి నేతి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక చలపతిరావు చొక్కాకి తుడిచి మరీ నవ్వింది. ఆయన మేనమామ చేతిలో మిగిలిన మండెగ ముక్క తుంపి నోట్లో వేసుకున్నాడు, అది కరిగేదాకా ఆగాడు. తరవాత తల్లి దగ్గరికి పోయి, ఇంకోటి ఉందా అమ్మా అని అడిగాడు.

ఆ పూట పిండి అయిపోయేదాకా చేస్తూనే ఉన్నారు. ఒకటి గోడ మీంచి సుందరమ్మగారికి అందించారు. బాపట్ల దాసుగారికి కబురెళ్ళింది. ఆయన ఉగాదికి వచ్చి, తిని, ఆ రోజు నించి కథలో మండెగ దగ్గర ఊపిరి నిలబెట్టుకోవడం మాని, అక్కడే ఆగి తెనాలి సంగతంతా చెప్పడం మొదలెట్టాడని చెల్లెలు రాసింది. చలపతిరావు మాటమీద నిలబడి ఆ ఇంట్లో ఆ మాట వాడకం మానేశాడు. వీధి మాత్రం మానలేదు. కానీ ఎవరైనా మండెగ అంటే, పున్నమ్మగారు వాళ్ళని లోపలికి పిలిచి కుండ చూపించేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం, అందరూ చేతులు కడుక్కున్నాక, రాఘవయ్యగారు పళ్ళు సర్దుకుని వంటింట్లోకి తొంగిచూశారు. ఇంతకీ ఉలవచారేదమ్మాయ్ అన్నారు.

కుసుమకుమారి అత్తగారి వంక చూసింది. పున్నమ్మగారు పీట మీద తీరిగ్గా కాళ్ళు చాపుకుని చెప్పింది.

"అదిరా మండెగ."